నోరులేని నేస్తం వెళ్ళిపోయినప్పుడు



ఇంట్లో పెంచుకున్న కుక్క చనిపోతే పిల్లలు అన్నం ముట్టరు. "కుక్క కోసం ఎవరైనా ఏడుస్తారా?" అని నాన్న కసురుకుంటాడు. ఆ నాన్నే రాత్రి పెరట్లోకి వెళ్ళి, అది పడుకునే గోనెపట్టా వైపు ఒకసారి చూసి వస్తాడు. మనిషి పోతే పదిమంది పరామర్శకు వస్తారు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. కుక్క పోతే ఎవరూ రారు. ఆ దుఃఖం పైకి చెప్పుకోవడానికి మనకు కూడా సిగ్గే. అందుకే ఈ నెల దాన్ని గురించి మాట్లాడుకుందాం.

వాక్యం వైపు చూస్తే సిగ్గుపడవలసిన పని లేదని తెలుస్తుంది. దావీదుకు అతని పాపాన్ని చూపించడానికి నాతాను ప్రవక్త ఎన్నుకున్నది, ఒక బీదవాడు కూతురితో సమానంగా పెంచుకున్న గొఱ్ఱెపిల్ల కథ (2 సమూయేలు 12). "గొఱ్ఱెపిల్లే కదా" అని రాజు అనలేదు, ఆగ్రహంతో మండిపడ్డాడు. నీనెవె పట్టణంపై తాను ఎందుకు జాలిపడ్డాడో దేవుడు యోనాకు చెప్పినప్పుడు, అక్కడి జనంతో పాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4:11). విశ్రాంతి దినపు ఆజ్ఞలో పశువులకూ పాలుంది. తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం నీతిమంతుని గుర్తు అని సామెతలు 12:10 బోధిస్తుంది.

ఈ వాక్యాన్ని క్రియలో చూపిన భక్తులూ ఉన్నారు. 1824 జూన్ 16న లండనులో ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరిగారు కొందరిని సమావేశపరచి, జంతువులను హింస నుండి కాపాడే సంఘాన్ని స్థాపించారు. బానిస వ్యాపారాన్ని ఆపడానికి పోరాడిన విల్బర్‌ఫోర్స్ అందులో ఒకరు. ఆ సంఘం అప్పుల కోసం బ్రూమ్‌గారు జైలుకు కూడా వెళ్ళారు. మన హైదరాబాదులో అక్కినేని అమలగారు 1992లో బ్లూక్రాస్ ప్రారంభించారు. ఇటువంటి చోట్ల గాయపడినవాటికి, దిక్కులేనివాటికి వైద్యం చేసి, పెంచుకునేవారికి ఇస్తారు.

మా ఇంటికి కూడా అటువంటి చోటు నుండే ఒక కుక్క వచ్చింది. ఏదో బండి తగిలి వెనుక కాలు కుంటేది. వయసు మళ్ళింది కూడా. అందుకని ఎవరూ తీసుకుపోలేదు. మొదటి వారం మంచం క్రింద నుండి బయటికి రాలేదు. మేము పళ్ళెం అక్కడికే జరిపేవాళ్ళం. ఎనిమిదో రోజున తనంతట తానే వచ్చి గడప దగ్గర పడుకుంది. చిట్టి అని పేరు పెట్టుకున్నాం. ఆరేళ్ళు మాతో ఉంది. చివరకు మూత్రపిండాలు పాడై తిండి మానేసింది. మూడు రాత్రులు ప్రక్కన కూర్చున్నాం. తెల్లవారుజామున పోయింది. ఆ రోజులు మాకు నేర్పిన సంగతులు కొన్ని మీతో పంచుకుంటున్నాం.

పిల్లలకు నిజం చెప్పండి. "పారిపోయింది" అంటే వాళ్ళు వీధి చివర నిలబడి ఎదురుచూస్తారు. "నిద్రపోయింది" అంటే పసివాళ్ళు నిద్రకే భయపడతారు. "చనిపోయింది, ఇక రాదు, దానికి ఇప్పుడు నొప్పి లేదు" అని చెప్పండి. బావికి, బోరుకు, చెరువుకు దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి. పిల్లలు పువ్వు వేస్తామంటే వేయనివ్వండి. అయితే పిచ్చికుక్క వ్యాధి అనుమానం ఉంటే పిల్లలను దగ్గరకు రానీయకుండా, వట్టి చేతులతో తాకకుండా పశువైద్యునికి తెలియజేయండి.

"చిట్టి పరలోకంలో ఉంటుందా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. మమ్మల్నీ అడిగారు. వాక్యం తేటగా చెప్పని చోట మనం అవుననీ కాదనీ తీర్పు చెప్పకూడదు. కాని పిచ్చుకను సైతం దేవుడు మరువడని ప్రభువు చెప్పాడు (లూకా 12:6). సృష్టి అంతా విడుదల కోసం కనిపెట్టుకొని ఉందని పౌలు వ్రాశాడు (రోమా 8). కనుక "దాన్ని చేసినవాడు దాన్ని మరచిపోడు" అని మేము చెప్పాం. అంతకు మించి చెప్పనక్కరలేదు. అంతకంటే తక్కువ కూడా చెప్పవద్దు.

ఏడుపు మాన్పించడానికి మర్నాడే ఇంకొక పిల్లను తేవద్దు. పగిలిన పలకకు బదులు కొత్త పలక తెచ్చినట్లు కాదు ఇది. ఇంకో కారణం కూడా ఉంది. వాంతులతో, రక్త విరేచనాలతో చనిపోయిన కుక్కకు పార్వో వ్యాధి ఉండి ఉండవచ్చు. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బ్రతుకుతుంది. టీకాలు వేయని పిల్లను ఆ పెరట్లోకి తెస్తే దానికీ ప్రాణాపాయమే.

మనసు సిద్ధపడినప్పుడు మాత్రం, డబ్బు పోసి జాతి కుక్కను కొనేముందు, దిక్కులేనివాటి వైపు చూడండి. ఇల్లంతా కలిసి వెళ్ళండి. టీకాలు వేశారా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, చిన్నపిల్లలతో, కోళ్ళతో, మేకలతో ఎలా ఉంటుంది అని అడగండి. దగ్గరలో అలాంటి చోటు లేకపోతే బస్టాండులో వణికే నాటు కుక్కపిల్ల అయినా సరే. మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తరువాత ప్రతి ఏటా వేయించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా పసుపు, కారం అద్దకుండా, ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి.

అది కూడా ఒకనాడు పోతుంది. మన ఆయుష్షులో వాటి ఆయుష్షు చిన్న భాగమే. అయినా ఎవరికీ అక్కరలేని ప్రాణికి కొన్నేళ్ళు గడప దగ్గర చోటిచ్చామన్న తృప్తి మిగులుతుంది. ఎవరూ కోరుకోని మనలను ఎన్నుకొని తన ఇంటివారిగా చేసుకున్న ప్రభువు ఎటువంటివాడో, అలా చోటిచ్చిన ఇంటి పిల్లలకు చెప్పడం సులువు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ ఊరిలో పెంపుడు ప్రాణిని పోగొట్టుకున్న ఒక ఇంటిని జ్ఞాపకం చేసుకోండి. వీలైతే వెళ్ళి పలకరించండి. ప్రభువు మీ గృహములను, మీ కొట్టములను ఆశీర్వదించును గాక!