ఊరికి నచ్చని మాట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పేర్లు వినగానే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేది ధిక్కారం. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు, పాలేర్లు వేల సంఖ్యలో తరలివచ్చారు. వెట్టి చెయ్యం అన్నారు. దండుగల పేరుతో దొరలు గుంజుకున్న డబ్బు తిరిగి కట్టమన్నారు. తర్వాతి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎస్సై స్థాయి అధికారి కూడా కాల్పులు జరిపేందుకు వీలిచ్చే చట్టం ఆ పల్లెల మీదికి వచ్చింది. జగిత్యాలలో పౌరహక్కుల కోసం నిలబడిన న్యాయవాది గోపి రాజన్న ఎనభైల్లో హత్యకు గురయ్యారు.

అదే 1978లో జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ తొలి పుస్తకం ‘ఎర్ర పావురాలు’ వెలువడింది. ఆయన బతుకుతెరువు ఫొటో స్టూడియో. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగర్‌లో ‘శిల్పి’, హైదరాబాద్‌లో ‘చిత్రలేఖ’ పెట్టారు. ఊరు మారినా స్టూడియో మారినా కలం మాత్రం మెత్తబడలేదు. ‘ఆంధ్రజ్యోతి’లో ‘సిటీ లైఫ్’ పేరుతో ఏళ్ల తరబడి రాసిన చిన్న చిన్న కవితల్లో పాలకుల్ని ఎంత కుట్టారో, పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ కవిత చదివే మధ్యతరగతి మనిషినీ అంతే కుట్టారు. 1954 జనవరి 12న పుట్టిన ఆయన, క్షయవ్యాధితో 1993లో సరిగ్గా అదే తేదీన కన్నుమూశారు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

ఈ చరిత్రను తలుచుకోవడం మనకు ఇష్టం. సభల్లో చప్పట్లూ పడతాయి. అయితే జైత్రయాత్రలో నడిచిన కూలీ ఎంత పెద్ద శక్తిని ఎదిరించినా, అతని వెనక ఊళ్లో సగానికి పైగా జనం ఉన్నారు. ఆ జనానికే నచ్చని మాట ఒకడు అంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన సాహిత్య సభలు గొంతు సవరించుకుంటాయి.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో దానికి జవాబు వీడీసీ. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు. పంచాయతీరాజ్ చట్టంతో దానికి సంబంధం లేదు, దానికి ఎవరూ ఓటు వేయరు. గుడి కట్టిస్తుంది, బెల్టు షాపుల వేలం పాడిస్తుంది, తగాదాలు తీరుస్తుంది, జరిమానాలు వేస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల నుంచి దీని బహిష్కరణల వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. జరిమానా కట్టనన్నందుకో, భూమి విషయంలో కమిటీ మాట కాదన్నందుకో, ఠాణాలో ఫిర్యాదు చేసినందుకో ఒక కుటుంబాన్ని వెలేస్తారు. కిరాణా కొట్టులో ఉప్పు, పప్పు అమ్మరు. పాలు పొయ్యరు. పొలానికి కూలీలు రారు, ట్రాక్టరు రాదు. చావుకూ పెళ్లికీ పిలుపుండదు. పలకరించినవాళ్లకూ జరిమానా ఉంటుంది కాబట్టి, నిన్నటిదాకా ‘అన్నా’ అని పిలిచిన పక్కింటాయన గడప దగ్గరే తల తిప్పుకుని పోతాడు.

సాంఘిక బహిష్కరణ ఆ పల్లెలకు కొత్త కాదు. డెబ్బైల చివర్లో కూలి సంఘాలు దొరల మీద ప్రయోగించిన ఆయుధం అదే. గడీలో పనికి వెళ్లొద్దని ఊరు ఒక్కటై కట్టడి చేసుకుంది. బలవంతుడి మీదికి బలహీనులు ఎత్తిన ఆ ఆయుధాన్ని ఇవాళ ఊరంతా కలిసి ఒక్క ఇంటి మీదికి ఎత్తుతోంది.

పట్టణాల్లో దీని రూపం వేరు. వైశ్యుల గురించి రచయిత కంచ ఐలయ్య తన ఇంగ్లిష్ పుస్తకంలో రాసిన అధ్యాయం 2017లో తెలుగులో చిన్న పుస్తకంగా వచ్చింది. ఫోన్లో బెదిరింపులు మొదలయ్యాయి. ఒక పార్లమెంటు సభ్యుడు ఆయన్ను బహిరంగంగా ఉరి తీయాలన్నారు. సెప్టెంబరులో పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగితే పోలీసు స్టేషన్లో తలదాచుకోవలసి వచ్చింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఆ పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను కొట్టేసింది. అయినా నవంబరులో కేసు కోసం కోరుట్ల కోర్టుకు వచ్చినప్పుడు నిరసనకారులు మళ్లీ ఆయన మీద దాడికి దిగారు.

ఆ పుస్తకం శీర్షిక ఒక కులాన్ని మొత్తంగా దోషిగా నిలబెట్టింది. దాన్ని తప్పుపట్టే హక్కు ప్రతి పాఠకుడికీ ఉంది. వర్తక చరిత్ర, వడ్డీ వ్యాపారం లెక్కలు ముందు పెట్టి ప్రతి పేజీకీ జవాబు రాయవచ్చు. అలాంటి జవాబుకు సాహిత్య పత్రికలు చోటివ్వాలి కూడా. కోర్టు గుమ్మం దగ్గర కాపు కాసినవాళ్లు ఆ పుస్తకంలో ఒక్క వాక్యాన్నీ తప్పని నిరూపించలేదు.

మాట అన్నవాళ్లే ప్రతిసారీ మూల్యం చెల్లించరు. అదే 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం తొలిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు, జగిత్యాల జిల్లాతోపాటు కొన్ని చోట్ల మహిళలు నాసిరకం చీరలంటూ తగలబెట్టారు. ప్రభుత్వం అందులో ప్రతిపక్షాల కుట్రను చూసింది. నిజానికి సమయం చాలక కొన్ని చీరలను సూరత్ నుంచి తెప్పించారు. మంటల్ని టీవీలో చూసి గుండె గుభేలుమన్నది మాత్రం సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి. ఆత్మహత్యల ఊరని పేరుపడిన ఆ పట్టణానికి ఈ చీరల ఆర్డర్లు అప్పట్లో ప్రాణవాయువు. అంతమాత్రాన చీర బాగాలేదన్న ఆడవాళ్లు నోరు మూసుకోవాలా? తర్వాతి ఏళ్లలో చీరలు సిరిసిల్ల మగ్గాల మీదే నేయించారు, రంగులు, డిజైన్లు పెంచారు. ఇక ఆ మంచి రోజుల్లో, ఒక్క ప్రభుత్వ ఆర్డరునే నమ్ముకోవడం ప్రమాదమంటే సిరిసిల్లలో ఎవరికీ రుచించేది కాదు. 2024లో బతుకమ్మ చీరల పంపిణీ ఆగి సాంచాల చప్పుడు తగ్గాక ఆ మాట విలువ తెలిసొచ్చింది.

కాబట్టి నచ్చని మాట చెప్పాలా వద్దా అంటే చెప్పాలనే ఈ పత్రిక అభిప్రాయం. చెప్పేవాడు తన లెక్క సరిచూసుకోవాలి. మనుషుల పనిని విమర్శించాలి గాని పుట్టుకను కాదు. దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించాలి. అయితే నీతులన్నీ చెప్పేవాడికే చెప్పి, గుంపును వదిలేయడం న్యాయం కాదు. వెలివేతకు గురైన రైతుకు ధైర్యం గురించి ఉపన్యాసం అక్కర్లేదు, పాల ప్యాకెట్టు కావాలి.

పొరుగున ఉన్న మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ 2016లో ప్రత్యేక చట్టం చేసింది. దళితుల మీద, ఆదివాసుల మీద బహిష్కరణను అట్రాసిటీ చట్టం శిక్షిస్తుంది. వెలికి గురయ్యే మిగతా కుటుంబాలకూ అలాంటి రక్షణ ఉండాలి. మహారాష్ట్ర తరహా చట్టాన్ని తెలంగాణ శాసనసభ చేయాలి. జైత్రయాత్ర మీద, అలిశెట్టి మీద ఏటా సభలు పెట్టే రచయితల సంఘాలు ఈ డిమాండును తమ తీర్మానాల్లో మొదట చేర్చాలి. వెలివేతకు గురైనవాళ్లు తమ కథ తాము రాసి పంపితే, అది ఎవరికి నచ్చకపోయినా, ఈ పత్రిక అచ్చు వేస్తుంది. దానికి జవాబు రాసేవాళ్లకూ అంతే చోటు ఇస్తుంది.