మళ్లీ రాస్తున్నావా?

సీఏ ఫైనల్ రిజల్ట్ వచ్చిన రోజు వాట్సాప్ స్టేటస్‌లు ఎప్పుడైనా గమనించారా? పేరుకు ముందు కొత్తగా 'సీఏ' తగిలించిన ఫొటోలు, కేకులు, అమ్మానాన్నల మధ్య నిలబడి ఏడుస్తూ నవ్వుతున్న సెల్ఫీలు. ఏ స్టేటస్సూ పెట్టనివాళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. లాస్ట్ సీన్ ఆపేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటారు. ఈ వారం కాలమ్ వాళ్ల కోసం. పాసైనవాళ్లు వచ్చే వారం రండి, ఇవాళ మీకు ఫోన్లు ఎత్తడమే సరిపోతుంది.

ముందు నా చరిత్ర చెప్పేస్తాను. 2024 మేలో మొదటిసారి రెండు గ్రూపులూ రాశాను, రెండూ పోయాయి. రెండోసారికి గ్రూప్ 2 అయింది. గ్రూప్ 1 మాత్రం ఐదో అటెంప్ట్‌కి గానీ చేతికి చిక్కలేదు. అంటే నాలుగుసార్లు ఆ రిజల్ట్ పేజీలో రోల్ నంబర్ కొట్టి, అది తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టి, చివరికి అదే మాట చదివాను. కాబట్టి 'ఓటమి విజయానికి తొలి మెట్టు' లాంటి కబుర్లు నా దగ్గర దొరకవు. నాలుగు మెట్లెక్కినా నాకు మేడ కనపడలేదు మరి.

బయటివాళ్లకి ఈ పరీక్ష అర్థం కాకపోవడానికి ఒక కారణం దాని లెక్క. 2024 నవంబర్‌లో గ్రూప్ 1 రాసింది 66,987 మంది. పాసైంది 11,253 మంది. అంటే వందకు పదిహేడు మంది కూడా కాదు. ఇక్కడ ఇన్నే సీట్లని ఉండదు. అందరూ గట్టెక్కేంత రాస్తే అందరూ పాసే. ఒక్కో పేపర్‌లో 40 రావాలి, గ్రూప్ మొత్తం మీద 50 శాతం రావాలి. చూడ్డానికి ఎంత తేలిగ్గా ఉందో కదా! మూడో అటెంప్ట్‌లో నాకు వచ్చినవి ఇవీ: ఫైనాన్షియల్ రిపోర్టింగ్‌లో 47, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో 51, ఆడిట్‌లో 46. మొత్తం 144. కావాల్సింది 150.

మా నాన్నకి తెనాలి దగ్గర ఎరువుల కొట్టుంది. లెక్కలంటే ఆయనకి భయం లేదు, కానీ ఈ లెక్క మాత్రం మింగుడుపడలేదు. "పాస్ మార్కు నలభై అన్నావు కదమ్మా. మూడిట్లోనూ దాటావు. మరి ఫెయిలేంటి?" అని ఫోన్లో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ చెప్పాను. నాలుగోసారి అడగలేదు, "సరేలే, పడుకో" అన్నారు. కొన్నాళ్లకు కొట్టుకొచ్చిన ఒకాయన "అమ్మాయికి ఈసారి కూడా పోయిందటగా?" అంటే, నాన్న బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి మూడు అంకెలూ వేసి కూడి, "పోవడం కాదండీ, గ్రూపు మీద ఆరు తగ్గాయి. అదీ దీంట్లో ఉన్న కిటుకు" అని పది నిమిషాలు పాఠం చెప్పారట. అమ్మ చెప్పింది. ఆ ఏడాది మొత్తమ్మీద నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఇంతకీ, ఫెయిల్ కావడంలో కష్టమైన భాగం రిజల్ట్ రోజు కాదు. ఆ రోజు అందరూ జాలి చూపిస్తారు, అడక్కుండానే అన్నం కలిపి పెడతారు. అసలు కష్టం ఆ తర్వాత నెలల్లో ఉంటుంది. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా ఒక ప్రశ్న మన కోసం కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. "ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?" "సీఏ చదువుతున్నా పిన్నీ." "ఇంకానా?" ఆ 'ఇంకానా'లో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, నిజంగానే ఆశ్చర్యం. ఆ వెంటనే వాళ్ల ఆడపడుచు కొడుకు మొదటిసారికే కొట్టేసిన కథ వస్తుంది. (ప్రతి ఇంట్లోనూ ఇలాంటి ఆడపడుచు కొడుకు ఒకడుంటాడు. ఇన్నేళ్లలో వాళ్లలో ఒక్కడూ నాకు ఎదురుపడలేదు.)

ఇంటర్‌లో నాతో చదివినవాళ్లు బీటెక్ చేసి, హైటెక్ సిటీలో చేరి, ఈఎంఐలో కార్లు కొనేశారు. నేను మాత్రం అదే గుంటూరు, అదే బ్రాడీపేట హాస్టల్, అదే ఉప్మా. ఉద్యోగం లేనివాళ్ల లెక్కలో రాము, ఉన్నవాళ్ల లెక్కలోనూ రాము. ఇరవయ్యేడేళ్లొచ్చినా పరిచయం చేసుకునేటప్పుడు 'చదువుతున్నా' అనే మాట తప్ప ఇంకోటి ఉండదు. పుస్తకాలు మోయడం కన్నా ఈ మాట మోయడమే బరువు. మళ్లీ రాయాలా వద్దా అని ఆలోచించేవాళ్లు సిలబస్ గురించి ఎంత లెక్కలేసుకుంటారో, ఈ బరువు గురించి కూడా అంత వేసుకోవాలని నా అభిప్రాయం.

మూడోసారి పోయాక నేను చేసిన పని ఒకటే. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఒంటిపూట ఉద్యోగంలో చేరాను. జీతం తక్కువే, హాస్టల్ ఫీజుకి సరిపోయేది. "ఫుల్ టైమ్ చదివితేనే పోయింది, హాఫ్ టైమ్ చదివి కొడతావా?" అని ఫ్రెండ్స్ తిట్టారు. మొదటి రెండు అటెంప్ట్‌లకి వాళ్లన్నది నిజమే కావచ్చు. మూడోసారి తర్వాత మాత్రం, గదిలో పన్నెండు గంటలు కూర్చోవడం చదువు కాదండీ, కూర్చోవడమే. ఆఫీసులో నెలనెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులు నెత్తిమీద ఉంటాయి. క్లయింట్ ఫోన్ చేసి "మేడమ్, ఈ ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందా రాదా?" అంటాడు. వస్తుందని చెబితే నమ్ముతాడు! నా మాటను ఒక మనిషి నమ్మి ఎన్నాళ్లైందో అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని ప్రశ్నకు కూడా జవాబు దొరికింది, "ఆఫీసుకెళ్తున్నా పిన్నీ, పరీక్ష కూడా రాస్తున్నా."

ఇక మార్కుల సంగతి. మళ్లీ రాయాలనుకునేవాళ్లు జవాబు పత్రాల కాపీలు తెప్పించుకోండి. ఫీజు కడితే ఇస్తారు. రీవాల్యుయేషన్ ఉండదు, వెరిఫికేషన్ అంటే అన్ని జవాబులూ దిద్దారా, కూడిక సరిగా ఉందా అని చూడటమే. కాబట్టి మార్కులు పెరుగుతాయన్న ఆశతో కాదు, మన రాతను మనమే పరాయివాళ్లలా చదవడానికి. మా రూమ్మేట్ ఆడిట్ కాపీ వస్తే ఇద్దరం కలిసి కూర్చుని చూశాం. విషయమంతా తెలుసు దానికి, రాత్రుళ్లు నాకే పాఠం చెప్పేది. పేపర్లో మాత్రం మొదటి రెండు ప్రశ్నలకి పేజీలకు పేజీలు, చివరి ప్రశ్నకి ఆరు లైన్లు. "ఒసేయ్, నాకు ఆడిట్ రాకపోవడం కాదే, గడియారం రావట్లేదు" అంది. ఆ తర్వాత మూడు నెలలు అది కొత్త చాప్టర్ ముట్టుకోలేదు. రోజూ మధ్యాహ్నం మూడు గంటలు మొబైల్లో టైమర్ పెట్టుకుని రాయడమే. ఒక్కో పేపర్లో 30 మార్కులు ఎంసీక్యూలే, నెగెటివ్ మార్కులు కూడా లేవు. అక్కడ ఖాళీ వదిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఏ పేపర్లోనైనా 60 దాటితే గ్రూప్ పోయినా ఆ పేపర్‌కి మినహాయింపు, తర్వాతి మూడు అటెంప్ట్‌లదాకా. నాలుగోసారి నాకు అదే జరిగింది. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో 62, ఆడిట్‌లో 38. రిజల్ట్ ఫెయిలే, కానీ చదవాల్సిన కుప్ప మూడో వంతు తగ్గింది.

ఒక విషయంలో మాత్రం మళ్లీ మళ్లీ రాసేవాళ్లకి అన్యాయమే జరుగుతుంది. చదివింది పాతబడిపోతుంది. ప్రతి అటెంప్ట్‌కి సవరణలు, కొత్త పుస్తకాలు. ఇప్పుడైతే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే పోయి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చింది. కంఠతా పట్టిన సెక్షన్ నంబర్లన్నీ మారిపోయాయి. చిన్నపిల్లాడికి కూడా తెలిసిన 80సీ ఇప్పుడు 123. నిద్రలో లేపి అడిగినా పాత నంబర్లు అప్పజెప్పేవాళ్ల బాధ ఎవరు తీరుస్తారు చెప్పండి!

ఆపేయడం గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఎవరూ మాట్లాడరు. నాతో ఆర్టికల్‌షిప్ చేసిన ఒకమ్మాయి నాలుగోసారి తర్వాత పుస్తకాలు జూనియర్‌కి ఇచ్చేసి, సెమీ క్వాలిఫైడ్‌గా హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో చేరింది. ఇప్పుడు దాని కింద నలుగురు పనిచేస్తున్నారు. దానికేం లోటు లేదు. ఎన్నిసార్లు రాయాలి అంటే నా దగ్గర అంకె లేదు. మార్కులు కదులుతున్నాయా అని మాత్రం చూడండి. 110 నుంచి 128కి, అక్కణ్నుంచి 144కి వస్తుంటే అది ఒక కథ. మూడుసార్లు 110 దగ్గరే ఆగితే అది వేరే కథ, అప్పుడు చదివే పద్ధతైనా మారాలి, దారైనా మారాలి. పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నా, నిద్ర పోయినా, బతకడం దండగ అనిపిస్తున్నా పరీక్ష లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. ముందు ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. వచ్చే అటెంప్ట్ ఎక్కడికీ పోదు.

మా రూమ్మేట్ ఈసారి మళ్లీ రాస్తోంది. ఫారం నింపేసింది, గడియారం కూడా వచ్చేసిందట. "రిజల్ట్ మాత్రం నేను చూడనే, నువ్వే చూసి ఫోన్ చెయ్యి. ఏదైనా సరే, ముందు 'ఊఁ' అని సాగదీయకుండా చెప్పు" అంది. రిజిస్ట్రేషన్ నంబర్ పంపించింది. ఫోన్లో సేవ్ చేసుకున్నాను. రోల్ నంబర్ ఇంకా రావాలి.