ఏమో సంచి

మొన్న మాస్కో వెళ్లొచ్చిన మిత్రుడొకడు ఫోన్లో ఫొటోలు చూపిస్తూ, "చూశావా, సోషలిజం కట్టిన బజారు!" అన్నాడు. రెడ్ స్క్వేర్ పక్కనున్న గుమ్. నాకు ఒళ్లు మండింది. అది కట్టింది సోషలిజం కాదు మహానుభావా, జార్ల కాలపు వర్తకులు. 1893లో తెరిచారు. ఆ గాజు కప్పు షూఖోవ్ అనే ఇంజనీరు చేతి చలవ. వెయ్యికి పైగా కొట్లుండేవి. స్టాలిన్ దానికి చేసిన ఉపకారమల్లా 1928లో కొట్లు మూయించి, పంచవర్ష ప్రణాళిక రాసే గుమాస్తాల్ని కూర్చోబెట్టడం. మళ్లీ బేరాలు మొదలైంది 1953లో, ఆయన పోయాక. అప్పుడైనా, పెద్దలకు లోపల వేరే విభాగం. మామూలు జనానికి సరుకు చూడ్డానికో క్యూ, డబ్బు కట్టడానికో క్యూ, రసీదు చూపించి పొట్లం అందుకోడానికి ఇంకో క్యూ.

"అందుకే కూలిపోయింది" అని వాడు ఠక్కున అవతలి గట్టుకు దూకాడు. మావాళ్లకు నడి ఏరు కనపడదు.

అదే మాస్కోలో కల్హోజ్ బజార్లుండేవి. కల్హోజ్ అంటే ఉమ్మడి సేద్యక్షేత్రం. 1932లో, ఊళ్లు ఆకలికి మాడుతున్న వేళ, సర్కారే దిగొచ్చి, రైతు తన వంతు అప్పజెప్పాక మిగిలింది తోచిన ధరకు అమ్ముకోవచ్చంది. సాగుభూమిలో రైతుల పెరటి మడులు నూటికి మూడు వంతులుంటే గొప్ప. తర్వాతి దశాబ్దాల్లో దేశం వ్యవసాయ ఉత్పత్తిలో దాదాపు పావు వంతు వాటిదే! జార్జియా నుంచి పెట్టెడు నారింజలతో విమానమెక్కి వచ్చి అమ్మినా గిట్టేదట. టిక్కెట్టు ధర సర్కారుది, నారింజ ధర రైతుది మరి. అంటే ప్రణాళిక వల్ల కాని పనికి ప్రణాళికే పందిరి వేసిచ్చింది. 1986లో దనీలోవ్‌స్కీ బజారుకైతే సర్కసు డేరా లాంటి గుమ్మటమే కట్టారు. ఇప్పుడక్కడ కూరగాయలకన్నా భోజనం బల్లల సందడే ఎక్కువట.

మనకూ 1999 నుంచి రైతు బజార్లున్నాయి. బోర్డు మీద ధర సర్కారుది. ఆ ధరకిచ్చే టమాటాలు మెత్తబడి ఉంటాయి, గట్టివి కావాలంటే వేరే లెక్క. రైతు కార్డు మెడలో వేసుకున్న మనిషిని ఏ ఊరని అడిగితే బోర్డు వైపు చూస్తాడు.

అసలు నాకు ఆ రష్యావాళ్ల దగ్గర నచ్చింది వేరే. జేబులో ఎప్పుడూ మడిచి పెట్టుకునే వల సంచి. దాని పేరు అవోస్కా. 'అవోస్' అంటే 'ఏమో, దొరుకుతుందేమో' అని. మనకన్నీ దొరుకుతున్నాయి, సంచే దొరకదు. కారులో సూపర్ మార్కెట్‌కు వెళ్లి, వాళ్ల పేరు అచ్చేసిన సంచిని మనమే డబ్బిచ్చి కొని, వాళ్ల ప్రచారం మన చేత్తో ఊరంతా మోస్తాం. అలా సంచికి డబ్బు గుంజడం తప్పని వినియోగదారుల కమిషన్లు మొట్టికాయలు వేసినా కౌంటరు పిల్ల అడిగేది మాత్రం అదే: "బ్యాగ్ కావాలా సార్?"

నిన్న నేను చంకలోంచి గుడ్డ సంచి తీశాను. ముందది సెక్యూరిటీ దగ్గర పెట్టి రమ్మంది.