మారువేషపు మద్యము

గడచిన మాఘమాసమున మేమొక గృహప్రవేశమునకు పోయి యుంటిమి. ఉదయమున పుణ్యాహవాచనమును, మధ్యాహ్నమున బూరెలు పులిహోరలతో విందును యథావిధిగా జరిగినవి. సాయంకాలము మేడమీద వేరొక సభ కూడెను. అందు ప్లీడర్లును, ఇంజనీర్లును, మావంటి ఉపాధ్యాయులును గలరు. వోడ్కాను దేనితో కలిపి త్రాగిన బాగుండునని చర్చ. కమలారసమును మించినది లేదని యొకరనిరి. నిమ్మరసము, సోడా, చిటికెడు ఉప్పు చాలునని వేరొకరనిరి. విదేశమునుండి వచ్చిన యువకుడు అల్లపు సోడా పోసి రాగి గ్లాసులో నియ్యవలెననెను. టమాటారసమున మిరియపుపొడి చల్లవలెనని యొకరును, జామరసమున పచ్చిమిరపకాయ చీల్చి వేయుటయే మన పద్ధతియని గృహస్థుడును పలికిరి. సంధిసూత్రములను గూర్చి పండితులైనను ఇంత శ్రద్ధతో వాదింపగా మేము వినలేదు.

మేము త్రాగలేదు, కాని లేచియు రాలేదు. ఆ రాత్రి జరిగినదానిని చివర చెప్పెదము. ముందుగా ఆ సభలో నెవ్వరును అడుగని ప్రశ్న నొకదానిని అడుగుదుము: ఇంత కలుపుట యెందులకు?

కల్లునకు పులుపు కలదు. ద్రాక్షసారాయమునకు వగరు కలదు. వోడ్కాకు ఏమి కలదు? ధాన్యమునో బంగాళాదుంపలనో పులియబెట్టి, బట్టీలో దింపి, పలుమారులు శుద్ధిచేసి, తరచుగా బొగ్గుపొడిలో వడగట్టి, రుచియు వాసనయు వీలైనంత తీసివేసిన పిదప మిగులునదే వోడ్కా. ప్రత్యేకమైన రుచి, వాసన, రంగు లేకుండుటయే దీని లక్షణమని అమెరికా ప్రభుత్వపు నిబంధన 2020 వరకు చెప్పుచుండెను. అభావమే లక్షణముగా గల పదార్థమున ఇష్టమైన రుచి యేమిటి? ఆ పెద్దలు మెచ్చుకొన్నది కమలాపండును, అల్లమును, నిమ్మకాయను, వోడ్కాను గాదు. కమలారసమే ప్రియమైనచో దానినే త్రాగవచ్చును గదా! కావున వోడ్కా అందు చేరినది మత్తుకొరకు. రసము చేరినది ఆ మత్తును మరుగుపరచుట కొరకు.

దీని పేరే యొక ముసుగు. రష్యాభాషలో నీటిని ‘వొదా’ అందురు. మన సంస్కృతపు ఉదకశబ్దమునకు అది దాయాది. దానికి అల్పార్థక ప్రత్యయము చేర్చగా ‘వోడ్కా’ యైనది; అనగా ‘చిన్ననీరు’. వారు దానిని నీరనిరి; మనవారు ‘మందు’ అనుచున్నారు; వేడుక కలిగినప్పుడు ‘తీర్థము’ అనియు అందురు. ఉన్నపేరు చెప్పుటకు సిగ్గుపడు వస్తువును ఇంటికి తెచ్చుటకు సిగ్గు లేకుండుట వింత.

ఐనను రష్యావారు పేరున దాచిరి గాని గ్లాసులో దాచలేదు. చల్లబరచిన వోడ్కాను దేనితోను కలుపక ఒక్క గుక్కలో మ్రింగి, ఊరవేసిన దోసకాయయో, నల్లరొట్టెయో, ఉప్పుచేపయో నంజుకొనుట వారి వాడుక. దాచక త్రాగిన ఆ దేశము పడినపాటు లోకమెరిగినదే. 1894లో జారు ప్రభుత్వము వోడ్కా విక్రయమును తన గుత్తగా చేసికొనుట కారంభించెను. 1914 నాటికి రాజ్యాదాయమున సుమారు నాలుగవ వంతు దానివలననే వచ్చుచుండెను. టాల్‌స్టాయి 1887లోనే మద్యవిసర్జన సమాజమును స్థాపించి మొరపెట్టెను. 1914లో యుద్ధము రాగా నిషేధము వచ్చెను. 1925లో సోవియట్టు ప్రభుత్వమే నలువదిపాళ్ల వోడ్కాను మరల అమ్మించెను. 1985లో గోర్బచేవు మద్యమును కట్టుబెట్టగా పురుషుల సగటు ఆయుర్దాయము రెండేండ్లలో పెరిగెను. ఆ కట్టు సడలి, దేశము చెదరి, 1994 నాటికి అది యేబదియెనిమిదేండ్లకు లోపున పడిపోయెను. దానికి ఇతర కారణములును గలవు. కాని ఆ కారణములలో వోడ్కా ముందువరుసను నిలిచినది.

మరి ఈ కలుపుట యెక్కడిది? రాగి గ్లాసు మురిపెమును గల మన యువకుడు దాని పుట్టుక నెరిగిన బాగుండును. 1939లో అమెరికాలో నొక వర్తకసంఘము స్మిర్నాఫు వోడ్కా హక్కులను పదునాలుగువేల డాలర్లకు కొనెను. సరకు కదలలేదు, ఆ దేశమువారికి వోడ్కా యన్న తెలియదు. లాస్ ఏంజెలిసు నగరమున పానశాల నడుపు నొకనియొద్ద అల్లపు పానీయము అమ్ముడుపోక నిలిచియుండెను. 1941 ప్రాంతమున ఈ రెండు తెగనిసరకులును నిమ్మరసముతో కలిసి ‘మాస్కో మ్యూల్’ అను పేర రాగిగ్లాసు నెక్కినవి. మాస్కోకును దానికిని సంబంధము లేదు. పిమ్మట 1950ల ప్రకటనలు, ఇది త్రాగినవాని ఊపిరి వాసనకొట్టదని సూచించుచు అమ్మినవి. రసజ్ఞత యని మనము మురియునది నిలువ సరకును వదిలించుకొన్న వర్తకుని ఉపాయము!

లెక్కలోనికి వత్తము. అరువది మిల్లీలీటర్ల పెగ్గులో నలువదిపాళ్ల లెక్కన ఇరువదినాలుగు మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉండును. దానిపై గ్లాసెడు కమలారసము పోసినను అది ఇరువదినాలుగే. ఒక చుక్కయు తగ్గదు. తగ్గునది నాలుక చెప్పు హెచ్చరిక మాత్రమే. నాటుసారాయి గొంతును కాల్చి, ఇంక చాలునని చెప్పును. తీయని మిశ్రమము ఆ మాటను చెప్పనీయదు. కాఫీలోని కెఫీను చేర్చిన మద్యములు మత్తు తెలియనీయక మరింత త్రాగించుచున్నవని అమెరికా ఆహారౌషధ శాఖ 2010లో వాటిని చేయువారిని హెచ్చరించెను. 1988లోనే మద్యము పుట్టకురుపునకు నిశ్చితమైన కారణముగా నెన్నబడెను. నిరపాయమైన పరిమాణమనునది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను.

“మేము కూలివానివలె త్రాగి వీధిలో పడము, మితముగా, మర్యాదగా త్రాగుదు”మని కొందరు మిత్రులందురు. ఈ మర్యాదను గూర్చియే మా వివాదము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన కూర్చున్న స్త్రీలు తమ పాఠమునే ఆయుధముగా చేసికొని సారాయంగడిని మూయించిరి. రోశమ్మ మొదలగు ఆ తల్లుల పట్టుదలవలన 1993 అక్టోబరున ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. సారాయంగడి మూసినప్పుడు మన చదువుకొన్నవారు చప్పట్లు కొట్టిరి. తమ సీసామీదికి నిషేధము వచ్చినప్పుడు ఆ చప్పట్లు వినబడలేదు. 1997లో నిషేధము సడలెను. కూలివాని సారాయి దురాచారమట. మన వోడ్కా నాగరికతయట! చదువురాని స్త్రీలు ఓనమాలతో గ్రహించినదానిని మనము పట్టములతో మరచితిమి.

కచుని కథ పురాణములలో మనము చదివినదే. అసురులు వానిని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునికిచ్చిరి. అంతటి ద్రష్ట గ్లాసులో నేమున్నదో యెరుగక త్రాగెను. తెలిసిన పిమ్మట అతడు అసురులను నిందించి ఊరకుండలేదు. త్రాగిన తన్ను తాను నిందించుకొని మద్యమునకు కట్టడి విధించెను. నాడు శిష్యుని మద్యమున దాచిరి. నేడు మద్యమునే పండ్లరసమున దాచి శిష్యుల కందించుచున్నాము.

ఇది అలంకారము గాదు. ఆ గృహప్రవేశపు రాత్రి మాయొద్ద పదవతరగతి చదువు బాలుడొకడు మేడమీదికి వచ్చి, దాహమై, బల్లమీది కమలారసపు గ్లాసులు రెండు త్రాగెను. చూపునకు అది రసమే, వాసనకును రసమే. గడియ దాటకమున్నే వాడు వాంతిచేసికొని మెట్లమీద కూలబడెను. తల్లి వచ్చి, మధ్యాహ్నపు భోజనము పడలేదని వంటవానిని తిట్టెను. మేడమీదివారికందరికిని నిజము తెలియును. ఎవ్వరును పలుకలేదు. మేమును పలుకలేదు. బాలుడు రెండురోజులకు కోలుకొని బడికి వచ్చెను. నిర్దోషియైన వంటవాడు మాటపడెను. తరగతిలో సత్యమును గూర్చి పాఠము చెప్పునప్పుడు ఆ బాలుని కన్నులను చూచుట మాకు నేటికిని కష్టముగనే యున్నది.

కావున మా మనవి స్వల్పము. త్రాగుట మానుడని చెప్పుచున్నాము. మానలేనివారు దాచుటనైనను మానుడు. పిల్లలు తిరుగు శుభకార్యముల యింట ఆ బల్లను వేయకుడు. ‘మందు’, ‘తీర్థము’ అను మాటలను విడిచి మద్యమును మద్యమనుడు. గృహిణులారా, మేడమీది సభలో నేమి కలియుచున్నదో అడుగుడు; అడుగుట అమర్యాద గాదు. ఆ తల్లికి మేము ఆనాడు చెప్పవలసినదానిని ఈనాడు వ్రాయుచున్నాము: అమ్మా, తప్పు వంటవానిది గాదు, మాది.