బేస్‌మెంట్ కబుర్లు: దాపల మోటారు, వలపల మోటారు

మంచు కరిగింది, గడ్డి మొలిచింది. చలికాలమంతా బేస్‌మెంటుల్లో దాక్కున్న బుల్లి విమానాలు మళ్ళీ మైదానాలకు బయల్దేరే రోజులొచ్చాయి.

పోయిన సంచికలో, మొదటిసారి రేడియో కంట్రోల్ విమానం కట్టుకునేవాళ్ళకి ఒక్క మోటారు చాలని రాశాను. దానికి ఆరో తరగతి చదివే ఒక అబ్బాయి చక్కని ప్రశ్న పంపాడు. "అంకుల్, రెండు మోటార్లుంటే ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది కదా! మరి రెండున్నదే క్షేమం కదా?"

బాబూ, నీ ప్రశ్న చాలామంది పెద్దవాళ్ళకీ ఉన్న ప్రశ్నే. జవాబు మాత్రం నువ్వనుకున్నట్టు ఉండదు. ఈ సంచిక కబుర్లన్నీ దాని గురించే.

ముందు కాస్త చరిత్ర. మన ఒహైయో రాష్ట్రంలోని డేటన్‌లో సైకిళ్ళ కొట్టు నడుపుకున్న రైట్ సోదరుల విమానం 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిందని మీ అందరికీ తెలుసు. దానికి ఉన్నది ఒక్క ఇంజను, రెండు ప్రొపెల్లర్లు. సైకిలు చైన్ల లాంటి గొలుసులతో ఆ ఒక్క ఇంజనే రెండు ప్రొపెల్లర్లనూ తిప్పేది. ఒక గొలుసును ఎనిమిది అంకెలా మెలిపెట్టి, రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరిగేలా చేశారు. రెండూ ఒకే వైపు తిరిగితే విమానం ఒక పక్కకు ఒరగాలని చూస్తుందని వాళ్ళకు అప్పుడే తెలుసు.

సరిగ్గా 32 ఏళ్ళ తర్వాత, 1935లో అదే డిసెంబరు 17న, రెండింజన్ల డగ్లస్ డీసీ-3 మొదటిసారి ఎగిరింది. మనవాళ్ళు "డకోటా" అని పిలుచుకున్నది ఈ కుటుంబం విమానాన్నే. హైదరాబాదుకి దీంతో పాత చుట్టరికం ఉంది. నిజాం ప్రభుత్వం, టాటా వారు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి ఈ డకోటాలనే నడిపింది. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మీ తాతయ్యలను అడిగి చూడండి, ఆకాశంలో డకోటా మోత విన్నవాళ్ళు ఇంకా ఉంటారు.

ఇక మా విమానం సంగతి. దుకాణంలో దొరికే కిట్టు కాకుండా, కొలతలన్నీ మేమే గీసుకుని కట్టాలని మా అమ్మాయి పట్టు. దానికి పన్నెండేళ్ళు. మూడేళ్ళుగా క్లబ్బులో ఒక్క మోటారు విమానాలు ఎగరేస్తోంది. నవంబరులో మొదలుపెట్టి మార్చి చివరికి పూర్తి చేశాం. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 60 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు. అస్థిపంజరం బాల్సా, మోటార్లు కూర్చునే చోట ప్లైవుడ్, పైన ఇస్త్రీపెట్టెతో అతికించే ప్లాస్టిక్ పొర. బ్యాటరీతో కలిపి బరువు 5 పౌండ్లు. మామూలు సరదా విమానానికి పౌండుకు 100 వాట్ల శక్తి కావాలని మాలో ఒక మోటు లెక్క ఉంది. అంటే 500 వాట్లు, మోటారుకు 250 చొప్పున. పదకొండు వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ ఒకటి, తొమ్మిదంగుళాల ప్రొపెల్లర్లు రెండు. రైట్ సోదరుల్లా మేమూ వాటిని ఎదురెదురుగా తిప్పాం. బ్రష్‌లెస్ మోటారుకు ఉన్న మూడు తీగల్లో ఏ రెండింటిని మార్చి కలిపినా అది వెనక్కి తిరుగుతుంది. దానికి తగ్గ వ్యతిరేకపు ప్రొపెల్లరు బిగిస్తే సరి.

ఒకప్పుడు ఇలాంటి విమానాలకు మిథనాల్, నూనె, కాస్త నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్లు వాడేవారు. రెంటినీ ఒకే వేగంతో తిప్పడం పెద్ద సాధన. ఒకటి పొడిదగ్గు దగ్గుతుంటే రెండోది గుర్రంలా పరుగెత్తేది. ఇప్పుడు ఎలక్ట్రిక్ మోటార్లతో ఆ బాధ చాలావరకు తగ్గింది. తగ్గిందే కానీ పోలేదు!

ఆ చలికాలం మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. మంచులో కాలు బయటపెట్టలేక, ఎంతసేపని టీవీ చూస్తారు? మెల్లగా మెట్లు దిగి బేస్‌మెంటులోకి రావడం మొదలుపెట్టారు. ఒకరోజు మా అమ్మాయి రెక్క మీద మోటారు గూళ్ళు అతికిస్తుంటే కాసేపు చూసి, "ఇది జోడెద్దుల బండిలా ఉందే! దాపలది మొరాయిస్తే బండి ఎటు తిరుగుతుందో చెప్పు తల్లీ" అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను కూడా ఆ మాట విని ముప్ఫై ఏళ్ళయింది. పిల్లలూ, కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దును దాపటెద్దు అంటారు, కుడి పక్కన కట్టేదాన్ని వలపటెద్దు అంటారు. ఎడమ, కుడి అని అర్థం చెప్పగానే తను జవాబిచ్చేసింది.

"ఎడమ వైపుకే తిరుగుతుంది తాతయ్యా. కుడిది లాగుతూనే ఉంటుంది కదా."

"మరి తోలేవాడు ఏం చెయ్యాలి?"

"కుడిదాన్ని ఇంకా గట్టిగా లాగమనాలి."

నాన్నగారు పకపకా నవ్వారు. "అలా చేస్తే బండి కాలవలో ఉంటుందమ్మా! ముందు వలపలదాని పగ్గం బిగబట్టాలి. బండి నిలబడ్డాక మిగతా సంగతి."

మా విమానం మోటార్లకు ఆ రోజే పేర్లు పడ్డాయి. ఎడమ గూటి మీద "దా" అనీ, కుడి గూటి మీద "వ" అనీ మార్కరుతో అమ్మాయే రాసింది. వంకరటింకరగా ఉన్నా అవి తెలుగు అక్షరాలే!

నాన్నగారు చెప్పినదాంట్లో విమాన శాస్త్రం మొత్తం ఉంది. మా మోటారు ఒక్కొక్కటీ విమానం నడిమి గీతకు 9 అంగుళాల దూరంలో ఉంది. నిలబడి ఉన్నప్పుడు ఒక్కోటి సుమారు రెండున్నర పౌండ్ల బలంతో లాగుతుంది. ఒకటి ఆగితే, రెండోది విమానాన్ని గుండ్రంగా తిప్పేయాలని చూస్తుంది. దాన్ని ఆపాల్సింది తోక మీద నిటారుగా ఉండే చిన్న రెక్క, దాని వెనక కదిలే రడ్డర్. అవి 30 అంగుళాలు వెనక ఉన్నాయి కాబట్టి, ముప్పావు పౌండు బలంతో పక్కకు తొయ్యగలిగితే చాలు.

చాలు కానీ, ఆ బలం వాటికి గాలి నుంచే రావాలి. గాలి బలం వేగానికి వర్గంలో ఉంటుంది. గంటకు 40 మైళ్ళ వేగంలో ఉన్న బలం, 20 మైళ్ళకు దిగితే సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. అంటే విమానం నెమ్మదిగా పైకెక్కుతూ, మోటారు పూర్తి శక్తితో తిరుగుతున్నప్పుడు రెండోది ఆగిందా, తోక ఓడిపోతుంది. ముక్కు ఆగిన మోటారు వైపు తిరుగుతుంది, ఆ పక్క రెక్క కుంగుతుంది, చూస్తుండగానే విమానం వెల్లకిలా పడుతుంది. పెద్ద రెండింజన్ల విమానాలకూ ఇదే గండం. అందుకే చిన్న రెండింజన్ల విమానాల్లో వేగం చూపే మీటరు మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. ఒక్క ఇంజనుతో అంతకన్నా నెమ్మదిగా వెళ్తే విమానం మాట వినదని దాని అర్థం.

ఇప్పుడు బాబు ప్రశ్నకు జవాబు. రెండు మోటార్లుంటే ఏదో ఒకటి ఆగిపోయే అవకాశం సుమారు రెండింతలవుతుంది. ఆగినప్పుడు మిగిలిందే నిన్ను పడదోస్తుంది, నువ్వు దాని పగ్గం పట్టకపోతే. ఒక్క మోటారు విమానంలో మోటారు ఆగితే అది గ్లైడరు అవుతుంది, అంతే!

అందుకే మేం ఆగడాన్ని ముందే సాధన చేశాం. ట్రాన్స్‌మిటర్ మీద ఒక స్విచ్చికి దాపల మోటారును, ఇంకో స్విచ్చికి వలపల మోటారును ఆపే పని అప్పగించాం. ఏప్రిల్, మే నెలల్లో 300 అడుగుల ఎత్తున విమానం తిరుగుతుంటే, నేను చెప్పాపెట్టకుండా ఏదో ఒకటి ఆపేసేవాణ్ణి. అమ్మాయి చేయాల్సినవి నాలుగు: థ్రాటిల్ తగ్గించు, ముక్కు దించు, నడుస్తున్న మోటారు వైపు రడ్డర్ ఇవ్వు, రెక్కలు సమంగా ఉంచు. ఈ వరుస తప్పకూడదు. మొదట్లో విమానం ఒకసారి బోర్లా కూడా పడింది, కానీ 300 అడుగుల్లో సర్దుకోవడానికి చోటుంది. ఇరవై ముప్ఫై సార్లయ్యాక వేళ్ళే ఆ పని నేర్చుకున్నాయి.

మేము బడ్డీ బాక్స్ పద్ధతిలో ఎగరేస్తాం. రెండు ట్రాన్స్‌మిటర్లుంటాయి. నా దాని మీద ఒక స్ప్రింగు స్విచ్చి ఉంటుంది. అది నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం అమ్మాయి చేతిలో ఉంటుంది. వదిలితే నా చేతికి వచ్చేస్తుంది.

జూన్ మొదటి శనివారం పొద్దున్న. ఎదురుగాలి కొద్దిగా ఉంది. పరుగు బాగుంది, చక్రాలు లేచాయి, పూర్తి శక్తితో పైకెక్కుతోంది. అరవై అడుగులుంటుందేమో. రెండు మోటార్ల జంట స్వరం ఉన్నట్టుండి ఒంటి స్వరం అయిపోయింది. ముక్కు ఎడమకి తిరగడం మొదలైంది. నేనేమీ ఆపలేదు. ఇది సాధన కాదు.

ఎత్తు లేదు, వేగం లేదు. అయిదు నెలల కష్టం అక్కడ గాల్లో ఒరుగుతోంది. నా వేలు స్విచ్చి మీదే ఉంది. వదలాలా వద్దా అని ఆలోచించే లోపే ఉన్న ఒక్క మోటారు మోత కూడా తగ్గింది. అమ్మాయి థ్రాటిల్ లాగేసింది. ముక్కు దిగింది, ఎడమ రెక్క మెల్లగా పైకి లేచి సమమైంది. వెనక్కి తిప్పి రన్‌వే మీదకు తేవాలన్న ఆశ పెట్టుకోలేదు. ఎదురుగా రన్‌వే అవతల చీలమండల ఎత్తు సోయా చేను ఉంది. తిన్నగా అందులోకే దించింది. నేను స్విచ్చి వదల్లేదు.

వెళ్ళి చూస్తే ఒక ప్రొపెల్లరు విరిగింది, పొట్ట కింద పొర చిరిగింది, అంతే. దాపల మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ లోపల కాలిపోయి వాసన వస్తోంది. ఏ కంపెనీదన్నది అనవసరం. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి, లోపలి భాగమే చచ్చిపోయింది. ఏ వస్తువైనా ఏదో ఒక రోజు ఆగుతుంది.

నాన్నగారు అప్పటికే ఇండియా వెళ్ళిపోయారు. మాకు పొద్దున్న పది, అక్కడ రాత్రి ఏడున్నర. మైదానం నుంచే ఫోన్ చేసింది. "తాతయ్యా, దాపలది ఆగిపోయింది. నేను వలపలదాని పగ్గం పట్టాను!"

"మరి బండి?"

"చేలో దిగింది తాతయ్యా. బాగానే ఉంది."

కాసేపు అవతలి నుంచి మాట లేదు. తర్వాత, "ఎద్దు తోలడం వచ్చేసింది నీకు" అన్నారు. అంతకు మించిన సర్టిఫికెట్ దానికి అక్కర్లేదు.

ఇలాంటి విమానం కట్టాలనుకునే కుటుంబాలకు నాలుగు మాటలు. మొదట ఒక్క మోటారు విమానం మీద చెయ్యి తిరగనివ్వండి. దగ్గర్లో ఉన్న క్లబ్బులో చేరండి. 1936 నుంచి ఉన్న అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్‌ను సంప్రదిస్తే మీ ఊరి క్లబ్బు వివరాలు చెబుతారు. అమెరికాలో 250 గ్రాములు దాటిన విమానాన్ని ఎగరేయాలంటే ఎఫ్.ఏ.ఏ. వద్ద నమోదు చేసుకుని, ఆ నంబరు విమానం పైన రాయాలి. పిల్లలకు పదమూడేళ్ళు నిండకపోతే ఆ నమోదు పెద్దవాళ్ళు చేయాలి. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష మాత్రం ఎగరేసేవాళ్ళందరూ పూర్తి చేయాలి. మామూలు చోట్ల 400 అడుగులు దాటకూడదు, విమానం ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి. రిమోట్ ఐడి పరికరం లేనివాళ్ళు ఎఫ్.ఏ.ఏ. గుర్తించిన మైదానాల్లోనే ఎగరేయాలి.

ఇంట్లో లిథియం బ్యాటరీని ఎవరూ చూడకుండా చార్జికి పెట్టి నిద్రపోకండి. మోటార్లను పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు తీసేయండి. తిరిగే ప్రొపెల్లరుకు పిల్లల వేళ్ళు ఎప్పుడూ ఎదురు వెళ్ళకూడదు. మన రెండు మోటార్ల విమానానికి అలాంటివి రెండున్నాయని గుర్తుంచుకోండి.

డేటన్ వైపు వెళ్ళినప్పుడు అమెరికా వైమానిక దళ మ్యూజియం చూడండి, ప్రవేశం ఉచితం. ఆ ఊళ్ళోనే కారిలాన్ పార్కులో రైట్ సోదరుల 1905 నాటి విమానం ఉంది. దాని గొలుసులను పిల్లలకు చూపించడం మరచిపోవద్దు.

వచ్చే సంచికలో ఇస్త్రీపెట్టెతో రెక్కకు పొర అతికించడం, ముడతలు పోగొట్టడం ఎలాగో చెప్పుకుందాం. ఆ ఇస్త్రీపెట్టె వంటింటి పక్క గదిలో అమ్మ వాడేది కాకుండా వేరేది కొనుక్కోండి. ఇది కూడా క్షేమం కోసమే!

ఉంటాను మరి. సెలవు.