గరుకు తగ్గాలి... ముఖం మిగలాలి!

బీరువా అడుగున కవర్లలో దాచిన నెగెటివ్‌లు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని స్కాన్ చేయించి, కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూడగానే కంగారు మొదలవుతుంది. తాతయ్య చెంపల మీదా, వెనకున్న గోడ మీదా ఇసుక చల్లినట్టు ఒకటే గరుకు! స్కానర్ పాడైందనో, నెగెటివ్‌కు బూజు పట్టిందనో అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ కాదు. అది ఫిల్ములో ఉన్నదే. దాన్నే గ్రెయిన్ అంటారు.

నలుపు తెలుపు ఫిల్ము మీద వెండి లవణాల స్ఫటికాలుంటాయి. వెలుగు తగిలినవి డెవలప్ చేసినప్పుడు నల్లటి వెండి రేణువులవుతాయి. తాతయ్య బొమ్మ ఏర్పడిందే ఆ రేణువులతో! రంగుల ఫిల్ములోనైతే వెండి పోయి, ఆ చోట రంగు చుక్కలు మిగులుతాయి. తక్కువ వెలుతురుకు వాడే 400, 800 ఐఎస్ఓ ఫిల్ముల్లో స్ఫటికాలు పెద్దవి. కాబట్టి గరుకూ ఎక్కువే.

తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు కొదవలేదు. ఫొటోషాప్‌లో 2005 నాటి సీఎస్2 నుంచే ‘రెడ్యూస్ నాయిస్’ ఉంది. పైసా ఖర్చులేని గింప్‌లోనూ అలాంటి ఫిల్టర్ దొరుకుతుంది. పక్కపక్క చుక్కల మధ్య తేడాలను సర్దేయడమే వీటి పని. చిక్కంతా అక్కడే. ఆ చుక్క గ్రెయినో, నానమ్మ ముక్కుపుడక మెరుపో దానికేం తెలుసు? స్లైడర్‌ను చివరికంటా జరిపితే చీర అంచు నేత, మీసం వెంట్రుకలు, నుదుటి ముడతలు అన్నీ కొట్టుకుపోయి మైనపు బొమ్మ మిగులుతుంది. ఇప్పటి కృత్రిమ మేధ టూల్స్ కొన్ని ఇంకో అడుగు ముందుకేసి లేని కనురెప్పలు, పలువరస సొంతంగా గీసేస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ ముఖం మాత్రం తాతయ్యది కాదు.

అందుకే స్కాన్ చేసేటప్పుడే షార్పెనింగ్ ఆపేయమని చెప్పాలి. అది ముందు పదును పెట్టేది గ్రెయిన్‌కే. ఫైలును జేపెగ్ బదులు టిఫ్‌లో తీసుకోవాలి. (స్కానర్‌లో గీతలు, దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఉన్నా మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు పనికిరాదు. వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది.) తర్వాత ఫొటో మీద దాని నకలును మరో లేయర్‌గా పెట్టి, ఫిల్టర్‌ను ఆ నకలుకే వేయాలి. ముఖం, జుట్టు, నగలు, చీర ఉన్నచోట పై లేయర్‌ను చెరిపేస్తే అడుగునున్న అసలు ఫొటో బయటపడుతుంది. గరుకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఆకాశంలో, గోడల మీద, నీడల్లో. అక్కడ తగ్గితే చాలు.

ఇంతకీ ఎంత తగ్గించాలన్నది తెర మీద చూసి తేల్చొద్దు. పోస్టుకార్డు సైజులో ఒక ప్రింటు వేయించి చేత్తో పట్టుకుంటే, తెర మీద బెదరగొట్టిన గ్రెయిన్ చాలావరకు కంటికి ఆనదు. చెయ్యి పెట్టని మొదటి స్కాన్‌ను మాత్రం సీడీలోనో, మరో డిస్కులోనో విడిగా దాచాలి.