లాభమన్న పేరు, నష్టమెరుగని సొమ్ము

ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లరాదని నిర్ణయించినట్లు 2017లో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు రిజర్వు బ్యాంకు జవాబిచ్చింది. బ్యాంకు సేవలు పొందే అవకాశాలు పౌరులందరికీ విస్తృతంగా, సమానంగా ఉన్నాయన్నది అది చూపిన కారణం. వడ్డీని నిషిద్ధంగా భావించేవాడికి వడ్డీ ఇచ్చే బ్యాంకు గుమ్మం తెరిచి ఉంచడమే సమానావకాశమైతే, ఆ జవాబులో తప్పు పట్టవలసింది లేదు.

ఆ తర్వాత ఏడాది తిరగకముందే, 2018 అక్టోబరులో, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు అధినేత్రి అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ సంస్థ అధిపతి దేశం విడిచి దుబాయి చేరాడు. రెండు సంస్థలూ అమ్మిన సరుకు ఒక్కటే: హలాల్ పెట్టుబడి అన్న మాట. బెంగళూరులో ఫిర్యాదుదారులు వేలకు వేలు. వారిలో చాలామందిని కాగితాల మీద డిపాజిటర్లుగా కాక భాగస్వాములుగా చూపారు. డిపాజిట్ల నిబంధనలు, బ్యాంకు ఖాతాకు ఉండే బీమా వారి దరిదాపులకు రాకపోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

ఇక్కడే ప్రజల అవగాహన ప్రశ్న వస్తుంది. ముదారబా అంటే ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. లాభం వస్తే ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడే భరిస్తాడు. నెలనెలా తప్పక చేతికందే ‘లాభం’ ఆ ఒప్పందంలో ఇమడదు. నిజానికి అది వడ్డీకి దగ్గరి చుట్టం. ఈ మాత్రం తెలిసినవాడెవడూ ఆ ప్రకటనలను నమ్మేవాడు కాదు. చెప్పవలసిన పండితులలో కొందరు ఆ సంస్థల వేదికలెక్కి కూర్చున్నారు. చెప్పగలిగిన ప్రభుత్వానికేమో ఆ పదం పలకడమే రాజకీయంగా నష్టమనిపించింది.

మురాబహా సంగతీ దాచనక్కరలేదు. లక్ష రూపాయల మోటారు సైకిలును బ్యాంకు కొని, లక్షా పన్నెండు వేలకు వాయిదాల మీద అమ్ముతుంది. కొనేవాడి జేబుకు అది వడ్డీ రుణం కంటే చవక కాకపోవచ్చు. తేడా మరోచోట ఉంది: బండి కొంతసేపైనా బ్యాంకు సొత్తుగా ఉండాలి, ఒప్పుకున్న ధర ఆ తర్వాత పెరగరాదు. దీన్ని దానధర్మమని ప్రచారం చేసేవారూ, దేశద్రోహమని గగ్గోలు పెట్టేవారూ ఒప్పందం చదివినట్లు కనిపించదు.

మన దేశంలో అసలు అడ్డంకి మతం కాదు, 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం. బ్యాంకులు సరుకుల క్రయవిక్రయాలు చేయరాదంటుంది దాని ఎనిమిదో సెక్షన్. వడ్డీ రహిత సేవలు అవసరమని రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే సిఫారసు చేసింది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే వాటికి ప్రత్యేక విభాగాలు తెరవమంది. మొదటి నివేదిక తర్వాత ఆరేళ్లు అధికారంలో ఉన్న కాంగ్రెస్ చట్టం జోలికి పోలేదు. ఆపైన వచ్చినవారికి ‘బుజ్జగింపు’ అన్న ఆరోపణే ఓట్ల పెట్టుబడి కాబట్టి, వారి నుంచి సవరణ ఆశించడం అమాయకత్వం.

షరియా అన్న బోర్డు ఒక్కటే కాపాడుతుందనుకునేవారు బంగ్లాదేశ్ వైపు చూడాలి. అక్కడ రుణాల దోపిడీతో కుంగిన ఐదు ఇస్లామిక్ బ్యాంకులను కలిపి ఒక్కటి చేయాలని 2025లో నిర్ణయించవలసి వచ్చింది. మలేషియా దారి వేరు. 2013లో ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. ఏ ఒప్పందం చెల్లుతుందో తేల్చే షరియా సలహా మండలిని కేంద్ర బ్యాంకులోనే ఉంచుకుంది. 2024లో ఏయాన్ బ్యాంకు ఫోన్‌లోనే నడిచే ఇస్లామిక్ బ్యాంకుగా తెరుచుకున్నది ఆ పునాది మీదే.

ఫోన్‌తో వచ్చే ప్రమాదం కూడా చిన్నది కాదు. బ్యాంకు కొన్నదీ, అమ్మిందీ ఒకే మీట నొక్కుతో క్షణంలో ముగిసిపోతే, వస్తువు ఎప్పుడు ఎవరిదైందో వినియోగదారుడికి తెలియదు. అసలు ధర, కలిపిన లాభం, నష్టం వస్తే ఎవరి వంతు ఎంత అన్నవి అతని భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో కన్నడంలోనో, సమ్మతి అడగడానికి ముందే తెరపై కనిపించాలి. ఆ మాట శాసించగల అధికారం రిజర్వు బ్యాంకుకే ఉంది. కానీ తాను లేదని తేల్చేసిన సేవకు అది నిబంధనలు రాయదు. ‘హలాల్ ఆదాయం, నెలనెలా ఖాయం’ అన్న సందేశాలకు మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు. వాట్సాప్ గుంపు ఒకటుంటే చాలు.